ఓడలో విందుకు వేషనియమం అవసరమా?

కూడు, గుడ్డ, గూడు - ఈ మూడింటిని మన పెద్దలు మానవుని కనీసావసరాలుగా చెప్పినారు. వీటిలో గుడ్డకు ఒక విశేషం కలదు. అది శరీరాన్ని కాపాడుటతో ఊరకుండదు. ధరించినవాని హోదాను, అభిరుచిని, ఒక్కొక్కసారి అతని జేబు బరువును కూడా ఎదుటివారికి చాటి చెప్పుతుంది. అందుకే ఉర్దూలో "ఖాయియే మన్ భాతా, పహనియే జగ్ భాతా" అను సామెత పుట్టినది. తిండి మనకు నచ్చినది తినవలెను, బట్ట లోకానికి నచ్చినది కట్టవలెను అని దీని భావం. ఈ సామెత దృష్టిలో తిండి వేరు, బట్ట వేరు. మొదటిది స్వవిషయం, రెండవది లోకవిషయం. అయితే ఈ రెండింటిని ఒకే ముడిగా బిగించిన చోటు ఒకటి కలదు. అదే సముద్రంపై తిరుగు విహార నౌక. అక్కడ కొన్ని రాత్రులలో నిర్ణీతమైన దుస్తులు ధరించనివానికి ప్రధాన భోజనశాలలో ప్రవేశం ఉండదు. ఈ నియమం ఎంతవరకు సమంజసమో ఈ వ్యాసంలో పరిశీలింపదలచినాము.

విహార నౌకల ముచ్చట మనకేల అని పాఠకులు ప్రశ్నింపవచ్చును. ఒకప్పుడు ఆ ప్రశ్న సబబే. కాని 2023వ సంవత్సరంలో ప్రపంచం మొత్తం మీద సుమారు 3 కోట్ల 17 లక్షల మంది విహార నౌకలలో ప్రయాణించినారు. 2021లో కార్డీలియా సంస్థ బొంబాయి రేవు నుండి విహార యాత్రలు ప్రారంభించినది. 2022 జూన్‌లో ఆ సంస్థవారి 'ఎంప్రెస్' నౌక విశాఖపట్నానికి కూడా వచ్చినది. 2023 సెప్టెంబరులో విశాఖ రేవులో విహార నౌకల కొరకే ఒక అంతర్జాతీయ టెర్మినల్ ప్రారంభమైనది. ఓడ మన గుమ్మంలోనికే వచ్చినప్పుడు, ఓడలోని ఆచారాలను గూర్చి తెలిసికొనుట అనవసరం కాదు. అంతకు మించి, నలుగురు కలసి భుజించు చోట బట్టను బట్టి మనిషిని లోపలికి రానిచ్చుట తగునా అన్నది ఓడలకు మాత్రమే చెందిన ప్రశ్న కాదు.

ముందుగా ఈ ఆచారం ఎట్టిదో తెలిసికొందము. దీనిని 'ఫార్మల్ నైట్' అందురు. ఏడు రాత్రుల యాత్రలో సాధారణంగా ఒకటి లేక రెండు ఇట్టి రాత్రులు ఉంటాయి. నౌక రేవులో ఆగిన దినాన ప్రయాణికులు ఊరు చూచి అలసి తిరిగి వస్తారు గనుక, ఎక్కువగా నౌక నడిసముద్రంలో ఉండు దినాన్నే ఇందుకు ఎన్నుకొంటారు. యాత్రలో మొదటి రాత్రి, చివరి రాత్రి దీనిని పెట్టకపోవుట పాత మర్యాద. మొదటి రాత్రికి పెట్టెలు విప్పియుండరు, చివరి రాత్రికి మరల సర్దియుంటారు. ఆనాటి సాయంత్రం కెప్టెన్ ప్రయాణికులకు స్వాగతం పలుకుతాడు. నౌక ఫొటోగ్రాఫర్లు మెట్లవద్ద తెరలు కట్టి ఫొటోలు తీసి, మరునాడు వాటిని అమ్ముతారు. అనేక నౌకలలో ఆ రాత్రి భోజనంలో లాబ్‌స్టర్ వంటి ప్రత్యేక వంటకాలను వడ్డిస్తారు.

పురుషులు నల్లని డిన్నర్ జాకెట్, తెల్లని చొక్కా, మెడకు బో టై ధరించుట దీనికి ప్రమాణం. ముదురు రంగు సూటు, టై కూడా ఇప్పుడు చెల్లుతాయి. స్త్రీలకు పొడవైన గౌను లేదా దానికి తీసిపోని దుస్తులు కావలెను. 1840లో లివర్‌పూల్ నుండి 'బ్రిటానియా' నౌకను అమెరికా ఖండానికి నడిపి అట్లాంటిక్ సేవ ప్రారంభించిన క్యూనార్డ్ సంస్థ నేటికీ ఈ ఆచారానికి పెద్ద దిక్కు. 2004లో సేవలో ప్రవేశించిన వారి 'క్వీన్ మేరీ 2' నౌకలో దీనిని 'గాలా ఈవెనింగ్' అని పిలుస్తారు. సాయంకాలం ఆరు గంటల నుండి నియమం అమలులోనికి వస్తుంది. అయితే ఆ నియమంలోనే ఒక ముఖ్యమైన వెసులుబాటు ఉన్నది. ఏ దేశపువారైనను తమ దేశ సంప్రదాయం ప్రకారం లాంఛనమైన జాతీయ దుస్తులు ధరించి రావచ్చును. అనగా మన షేర్వానీకి, మన పట్టుచీరకు అక్కడ డిన్నర్ జాకెట్‌తో సమానమైన గౌరవమే లభిస్తుంది. వేషం మార్చుకొనుట ఇష్టం లేనివారికి బఫే భోజనశాల వంటి కొన్ని స్థలాలు విడిగా ఉంచబడినవి.

ఇక ఈ ఆచారం ఎట్లు పుట్టినదో చూతము. పందొమ్మిదవ శతాబ్దంలో ఐరోపా ధనిక కుటుంబాలలో రాత్రి భోజనానికి బట్టలు మార్చుకొనుట నిత్యకృత్యం. ఆ ఇంటివారు ఓడ ఎక్కినప్పుడు ఆ అలవాటును కూడా వెంట తెచ్చుకొన్నారు. కాని ఓడలో అందరూ ధనికులు కారు. 1912లో మునిగిపోయిన 'టైటానిక్' నౌకలో వలెనే ఆనాటి పెద్ద నౌకలలో మూడు తరగతులు ఉండేవి. మొదటి తరగతివారు రాత్రి విందుకు సంపూర్ణంగా అలంకరించుకొని వచ్చేవారు. మూడవ తరగతిలో పొట్టకూటికై వలస పోవు కుటుంబాలు ఉండేవి. వారి భోజనశాల వేరు, వారి డెక్కు వేరు. తరగతుల నడుమ కట్టిన గోడకు పైపూత వంటిదే ఈ వేషం. ఈ సంగతిని మరువరాదు.

ఆచారాన్ని గట్టిగా సమర్థించువారు దానిని మార్పులేని సనాతన ధర్మంగా చూపుతారు. చరిత్ర అట్లు చెప్పదు. నేడు లాంఛనానికి పరాకాష్ఠ అనుకొను డిన్నర్ జాకెట్, పుట్టినప్పుడు ఒక సడలింపు. అంతకు పూర్వం రాత్రి విందుకు వెనుక తోకలు వ్రేలాడు పొడవైన కోటు తప్పనిసరి. 1865లో ఆనాటి ఇంగ్లండు యువరాజు, తరువాత ఏడవ ఎడ్వర్డ్ చక్రవర్తి అయినవాడు, ఇంటిలో సుఖంగా కూర్చుండుటకై హెన్రీ పూల్ అను దర్జీ సంస్థచేత తోకలు లేని పొట్టి కోటు కుట్టించుకొన్నట్లు చెబుతారు. 1886లో న్యూయార్క్ సమీపాన గల టక్సీడో పార్కులో ఆ కోటు ప్రచారంలోనికి వచ్చి, ఆ ఊరి పేరనే ప్రసిద్ధికెక్కినది. నిన్నటి సుఖవేషమే నేటి కఠిన నియమమైనదన్న మాట.

వాతావరణం కూడా నియమాన్ని వంచినది. సూయజ్ కాలువ దాటి ఎర్రసముద్రంలో ప్రవేశించిన తరువాత ఉన్ని కోటుతో భోజనం చేయుట దుర్భరం. అందుచేత బ్రిటిష్ నౌకాదళపు అధికారులు కోటు తీసివేసి, చొక్కాపై నడుమునకు పట్టీ మాత్రం చుట్టుకొని విందుకు కూర్చుండు పద్ధతిని ఏర్పరచుకొన్నారు. దానికి 'రెడ్ సీ రిగ్' అని పేరు కూడా పెట్టినారు. మర్యాదకు పుట్టినిల్లు తామే అనుకొన్నవారు కూడా ఎండ ముందు తల వంచినారు. నియమం మనిషి కొరకు గాని, మనిషి నియమం కొరకు కాదని దీనివలన తేలుతున్నది.

1958లో అట్లాంటిక్ మీదుగా జెట్ విమానాలు ఎగురుట ఆరంభమైన తరువాత ఓడ ప్రయాణానికి అవసరం తగ్గిపోయినది. ఓడల సంస్థలు బ్రతుకుతెరువుకై గమ్యాన్ని విడిచి విహారాన్ని పట్టుకొన్నవి. ఈ మార్పు మన ప్రశ్నకు చాలా ముఖ్యం. పూర్వం ఓడ ఒక దేశం నుండి మరొక దేశానికి చేర్చు సాధనం. నేడు ఓడయే గమ్యం. మధ్యతరగతి కుటుంబాలు ఏడాదిపాటు డబ్బు కూడబెట్టుకొని వారం దినాలు విశ్రాంతికై వస్తున్నవి. అట్టివారి అభిరుచిని గమనించి 2000వ సంవత్సరంలో నార్వేజియన్ సంస్థ, ఎవరికి నచ్చిన వేళ, నచ్చిన చోట, తమకు నచ్చిన దుస్తులలో భోజనం చేయు పద్ధతిని 'ఫ్రీస్టైల్' పేర ప్రవేశపెట్టినది. 2015లో సముద్రయానం ప్రారంభించిన వైకింగ్ నౌకలలో ఫార్మల్ నైట్ అన్నదే లేదు. అదే ఏడాది చివర సెలబ్రిటీ సంస్థ తన ఫార్మల్ నైట్‌ను తొలగించి, అంతకంటె సులువైన 'ఈవెనింగ్ షిక్' అను పద్ధతిని పెట్టినది. కావున నేడు ప్రయాణికుని యెదుట రెండు మార్గాలూ తెరచియున్నవి.

ఇప్పుడు ఇరుపక్షాల వాదాలను న్యాయదృష్టితో తూచి చూతము. నియమం ఉండవలెననువారి మొదటి వాదం ఇది. విందు అన్నది ఆకలి తీర్చుకొనుట మాత్రమే కాదు, అది పదిమంది కలసి సృష్టించు ఒక సన్నివేశం. అందరూ శ్రద్ధగా అలంకరించుకొని వచ్చినచోట ఒకరు మోకాళ్లపైకి లాగుతో, రబ్బరు చెప్పులతో వచ్చి కూర్చున్నచో ఆ శోభ చెడుతుంది. ఈ మాటను కొట్టివేయలేము. మన ఇండ్లలో పెండ్లికి పోవునప్పుడు, ఈద్‌నాడు నమాజుకు వెళ్లునప్పుడు, పండుగనాడు పెద్దల యెదుటికి పోవునప్పుడు ఉన్నంతలో మంచి బట్ట కట్టుకొంటాము. అది ఆడంబరం కాదు, పిలిచినవారిపట్ల గౌరవం. దానినే అదబ్ అంటాము. రెండవ వాదం, ఈ నియమం రహస్యమేమీ కాదు. టిక్కెట్టు కొనునప్పుడే తెలియును. ఇష్టం లేనివారు వేరొక నౌకను ఎన్నుకొనవచ్చును. మూడవ వాదం, అందరూ ఒకే తీరు దుస్తులు ధరించినచో పేద, ధనిక భేదం కనపడదు.

ఈ మూడవ వాదం పైకి ఎంత అందంగా ఉన్నదో లోపల అంత బలంగా లేదు. పాఠశాల యూనిఫారంలో భేదం మరుగున పడు మాట నిజమే. కాని డిన్నర్ జాకెట్ యూనిఫారం కాదు. దాని గుడ్డలో, కుట్టులో, బొత్తాములలో అంతస్తు కనపడుతూనే ఉంటుంది. పైగా ఈ భారం స్త్రీ పురుషులపై సమానంగా పడదు. పురుషుడు రెండు రాత్రులూ ఒకే నల్లకోటుతో గడపవచ్చును. స్త్రీ నిన్నటి గౌనునే నేడు మరల ధరించినచో చూచువారు గుర్తుపడతారేమోనన్న సంకోచం ఆమెకే మిగులుతుంది. ఏ నియమ పుస్తకంలోనూ వ్రాయని ఈ ఒత్తిడియే వ్రాసిన నియమం కంటె బరువైనది.

నియమం వలదనువారి వాదాలు కూడా వినదగినవే. విశ్రాంతికై వచ్చినవానికి మరల ఆఫీసు మెడపట్టీ ఏల అని వారి ప్రశ్న. ఓడ ఎక్కుటకు ముందు విమానంలో రావలసియుంటుంది. అనేక విమాన సంస్థలు సాధారణ తరగతివానికి అనుమతించు సామాను 23 కిలోలు. ఒకటి రెండు రాత్రుల కొరకు సూటు, బూట్లు, గౌను మోసికొని వచ్చుట ఖర్చు, శ్రమ. వృద్ధులకు, శరీరంలో బాధలున్నవారికి బిగుతైన దుస్తులు యాతన. అన్నింటికి మించి, టిక్కెట్టు ధరలోనే భోజనపు ధర కూడా చేరియున్నది. డబ్బు చెల్లించిన భోజనానికి మరల వేషం పేర రెండవ సుంకం అడుగుట న్యాయమా అన్నది వారి అసలు ప్రశ్న. ఫార్మల్ నైట్ నాడే ప్రత్యేక వంటకం వడ్డించు నౌకలలో ఈ ప్రశ్నకు మరింత పదును వస్తుంది.

వేషం వలన మనిషికి కలుగు సంకోచం ఎట్టిదో తెలియుటకు ఓడ ప్రయాణాలతోనే ముడిపడిన ఒక మహనీయుని జీవితం చూడవచ్చును. 1888 సెప్టెంబరు 4న మోహన్‌దాస్ గాంధీ చదువుకై బొంబాయి నుండి ఇంగ్లండుకు ఓడ ఎక్కినాడు. అప్పటికి ఆయనకు పందొమ్మిదేండ్లు కూడా నిండలేదు. ఆంగ్లంలో మాటలాడుటకు బిడియం. ముళ్లగరిటె, కత్తి పట్టుట తెలియదు. ఏ వంటకంలో మాంసం లేదో అడుగుటకు ధైర్యం చాలలేదు. అందుచేత భోజనశాలకు పోక, తన గదిలోనే కూర్చుండి వెంట తెచ్చుకొన్న మిఠాయిలు, పండ్లతో కాలం గడిపినట్లు ఆత్మకథలో వ్రాసికొన్నాడు. ఓడలో నల్ల సూటు ధరించి, దిగునప్పుడు బాగుండునని దాచుకొన్న తెల్లని ఫ్లానెల్ దుస్తులతో రేవులో దిగినాడు. అది సెప్టెంబరు నెలాఖరు. అట్టి బట్టలు ధరించినవాడు అక్కడ తానొక్కడే అని గ్రహించి ఎంతో సిగ్గుపడినాడు.

నలుబది మూడేండ్ల తరువాత, 1931 ఆగస్టు 29న, అదే బొంబాయి నుండి 'రాజపుటానా' నౌకలో రెండవ తరగతి ప్రయాణికుడుగా ఆయన రౌండ్ టేబుల్ సమావేశానికి బయలుదేరినాడు. అప్పుడు ఒంటిపై ఉన్నది కొల్లాయి, శాలువ మాత్రమే. 1921లో మధురలో స్వీకరించిన ఆ వేషంతోనే బకింగ్‌హాం రాజభవనంలో అయిదవ జార్జి చక్రవర్తిని కలిసికొన్నాడు. ఆ రాజభవనం ఆయనను ఆ దుస్తులలోనే ఆహ్వానింపక తప్పలేదు. మనిషి ఒకడే, దేశం ఒకటే. మారినది ఆయన ఆత్మవిశ్వాసం. అయితే ఇచ్చట ఒక్క విషయం గమనించవలెను. అందరూ మహాత్ములు కారు. 1931నాటి గాంధీకి ఏ నియమమూ అడ్డు కాలేదు. నియమాలను వ్రాయువారు మనస్సులో ఉంచుకొనవలసినది 1888నాటి ఆ బిడియపు విద్యార్థిని. ఆకలి ఉండియు, గది తలుపు వేసికొని కూర్చున్నవాడు అతడే.

మన దేశంలో కూడా ఈ సమస్య న్యాయస్థానపు గడపదాక వచ్చినది. 2014 జూలైలో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఒకరు ఒక పుస్తకావిష్కరణ సభకై చెన్నైలోని ఒక క్రికెట్ క్లబ్బుకు పోగా, పంచె కట్టుకొన్న కారణాన ఆయనను లోపలికి రానీయలేదు. ఆ మరుసటి నెలలోనే తమిళనాడు శాసనసభ, పంచె వంటి భారతీయ సంప్రదాయ దుస్తులు ధరించినారన్న నెపంతో క్లబ్బులు మొదలైన బహిరంగ స్థలాలలో ప్రవేశం నిరాకరింపరాదని చట్టం చేసినది. ఆ క్లబ్బు నియమం ఆంగ్లేయుల కాలపు అలవాటుకు కొనసాగింపు. ఆ న్యాయమూర్తి శుభ్రంగా, మర్యాదగానే వచ్చినాడు. లోపం ఆయన దుస్తులలో లేదు, ఒకే దేశపు వేషమే మర్యాద అనుకొన్న నియమంలో ఉన్నది. క్యూనార్డ్ వంటి విదేశీ సంస్థ జాతీయ దుస్తులకు తలుపు తెరచియుండగా, మన నగరంలోని క్లబ్బు మూసివేయుట విచారింపదగిన విషయం.

హైదరాబాదు సంస్కృతి ఎరిగినవారికి ఇందులో మరొక కోణం కనిపిస్తుంది. నిజాం కాలంలో షేర్వానీ ఒక మతానికి చెందిన వేషం కాదు. హిందూ అధికారులు, ముస్లిం అధికారులు సమానంగా దానిని ధరించేవారు. దర్బారులో దానికి కట్టుదిట్టమైన నియమాలు కూడా ఉండేవి. కాని ఇంటిలో దస్తర్‌ఖాన్ పరచినప్పుడు ఆ ఇంటి అదబ్ వేరు. వచ్చినవాని దుస్తులు చూడరు, చేతులు కడుగుకొనుటకు నీరు అందిస్తారు. దర్బారు మర్యాద వేరు, అన్నం మర్యాద వేరు అని మన పూర్వులకు తెలియును. ఓడలోని ఫార్మల్ నైట్ ఈ రెండింటిని కలగలుపుట వలననే చిక్కు ఏర్పడినది.

ఇంతవరకు చేసిన విచారణ వలన మేము ఒక నిర్ణయానికి వచ్చినాము. వేషనియమం గదికి ఉండవచ్చును గాని అన్నానికి ఉండరాదు. నౌకలో ఒక భోజనశాలను అలంకారప్రియుల కొరకు కేటాయించి, అక్కడికి వచ్చువారు ఆ శోభకు తగినట్లు రావలెనని కోరుట తప్పు కాదు. అయితే అందుకు మూడు షరతులు ఉండవలెను. మొదటిది, ఆ సంగతి డబ్బు చెల్లింపక ముందే స్పష్టంగా చెప్పవలెను. రెండవది, మర్యాదకు ఒకే దేశపు కొలబద్ద పెట్టరాదు. షేర్వానీ, పంచె, చీర, ఖడా దుపట్టా ఏదైనను గౌరవంగా ధరించి వచ్చినచో చాలును. మూడవది, అన్నింటికంటె ముఖ్యమైనది - వేషం మార్చుకొననివానికి అదే వంటకం, అదే ఆదరం మరొక చోట లభించవలెను. అతనిని మూలకు నెట్టి మిగిలినది పెట్టుట కూడదు. ఈ మూడింటిలో ఏది లోపించినను ఆ నియమం అదబ్ కాజాలదు, అహంకారమే అవుతుంది.

నియమం తీసివేసినచో సొగసు అంతరించునని భయపడనవసరం లేదు. నిర్బంధం లేని నౌకలలో కూడా ఇష్టపడువారు నేటికీ చక్కగా అలంకరించుకొని వస్తూనే ఉన్నారు. తమంత తాము కట్టుకొన్న మంచి బట్టలో ఉన్న ఆనందం, ద్వారపాలకునికి భయపడి కట్టుకొన్న బట్టలో ఉండదు.

మా విద్యార్థి మిత్రులలో ఎందరు నౌకావిహారం చేయుదురో మేమెరుగము. కాని విందులు, వీడ్కోలు సభలు, వార్షికోత్సవాలు ప్రతి కళాశాలలోనూ జరుగుతాయి. 'అందరూ సూటుతో రావలెను', 'అందరూ క్రొత్త పట్టుచీరతో రావలెను' అని నోటీసు బోర్డు మీద వ్రాయుటకు ఒక్క నిమిషం చాలును. ఆ నోటీసు చదివి, ఎవరికీ చెప్పక ఆనాడు ఇంటివద్దనే ఉండిపోవు విద్యార్థి ఒక్కడైనను ఉండునేమో ఆలోచించుట కార్యనిర్వాహకుల విధి. శుభ్రమైన బట్ట కట్టుకొని రమ్మని కోరుదము. అంతకు మించినది ఎవరి ఇష్టానికి, ఎవరి శక్తికి వారిని విడిచిపెట్టుదము. పిలిచిన విందులో ఒక్క విస్తరియు ఖాళీగా ఉండరాదు. అదే అసలైన మర్యాద అని మా విశ్వాసం.